కరెంటు పోయినా తేటపడిన నీళ్లు

మా ముత్తాతగారు విజయనగరం వైపు ఒక జమీందారీకి దివాను. ఆయన దగ్గితే కచేరీలో కలాలు ఆగిపోయేవట. మా తాతగారికి గొడుగు పట్టడానికి ఒక మనిషి, ఆ మనిషికి గొడుగు పట్టడానికి ఇంకో మనిషి ఉండేవారట. నాన్నగారి కాలానికి భిలాయిలో రెండు గదుల క్వార్టరు మిగిలింది. అంతటి వంశగౌరవాన్ని అదే ఊళ్లో క్యాంప్ 2 అనే పేటలో ఒక బకెట్టు నీళ్లలో ముంచిన ఘనత నాది. ఎలా ముంచానో వినండి. జాలి మాత్రం పడకండి, మాకది అలవాటు లేదు.

అప్పుడు నేను పరిశోధన చేసే కుర్రవాణ్ణి. టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడిని మురికినీళ్లలో కలిపి అతినీలలోహిత దీపం వేస్తే, నీళ్లలోని రంగు విరిగి నశిస్తుంది. కాకపోతే మగపెళ్లివారు భోజనానికి లేచినంత తీరిగ్గా. దాన్ని తొందరపెట్టడానికి నేను బొగ్గుపొడి కలిపాను. గంటల పని నిమిషాల్లో అయిపోయింది!

మా గైడు సరళ మేడం ఒక్కరే సంతోషించలేదు. "దీపం ఆర్పి చూశావా? చీకట్లో కూడా ఒకసారి పరీక్షించాలి."

"మా వంశంలో ఎవరూ చీకట్లో పనిచెయ్యలేదండీ," అన్నాను నడుం నిటారుగా పెట్టి.

క్యాంప్ 2లో చీరల అద్దకం షెడ్డు నడిపే సూర్నాయుడుగారికి రంగునీళ్ల బెడద. శుభ్రం చేసి వదలకపోతే షెడ్డు మూతే. నా పొడి పనిచేస్తే పెద్ద తొట్టి కట్టించి, దానికి నన్నే ఇంజనీరుగా పెట్టుకుంటానన్నారు. నాన్నగారు రిటైరయ్యారు. ఇంట్లో అందరి ఆశా ఆ తొట్టి మీదే.

పట్టుకండువా వేసుకుని, మేడంని కూడా తీసుకుని షెడ్డుకి వెళ్లాను. నీలిరంగు నీళ్లలో పొడి వేసి, దీపం వెలిగించి, ఉపన్యాసం అందుకున్నాను. "అంతా వెలుగు మహిమ! వెలుగు లేనిదే ఈ పొడి వట్టి సున్నం!"

ఆ మాట పూర్తికాకముందే కరెంటు పోయింది.

నీళ్లు మాత్రం, నాతో పని లేనట్టు, హాయిగా తేటపడ్డాయి.

"అరే వాహ్! బిజ్లీ కూడా అక్కర్లేదేటి బాబూ?" నాయుడుగారు గెంతినంత పని చేశారు. "ఈ మాట ముందే చెప్పకపోనావేటి!"

మేడం మెల్లగా అన్నారు. "రంగు విరగలేదు. నీ బొగ్గు పీల్చి దాచుకుంది. పొడి నల్లగా ఉంది కనక నీలం కనపడటం లేదు. స్పిరిట్ పోసి కడుగు, బయటపడుతుంది."

అక్కడ తల వంచుకుంటే సరిపోయేది. మేం తల వంచే రకమా? "నా కండువాలోనే వడకడతాను. మచ్చ పడితే అడగండి!"

వడకట్టి, మేడం అందించిన స్పిరిట్ ఆ పొడి మీద పోశాను. నీలం ధారకట్టింది. కండువా, అరచేతులు, మోచేతులు... నేను నీలమేఘశ్యాముణ్ణయ్యాను.

"మరి తొట్టి..." అన్నాను, నా గొంతు నాకే వినపడకుండా.

నాయుడుగారు కండువా అంచు వేళ్లతో నలిపి చూశారు. "తొట్టి మాట ఒదిలీ బాబూ. రంగు సూడు, ఏక్‌దమ్ బఢియాగా పట్టినాది! నీళ్లు బాగుచెయ్యడం నీవల్ల కాదు గానీ, రేపట్నుంచి షెడ్డుకి ఒచ్చీ. అద్దకంలో పెట్టుకుంటాను."

ఆ నీలిచేతులు రెండూ పైకెత్తి, గతించిన దివాన్లందరి సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ దీపాన్నీ, ముందు ఆర్పి చూడకుండా, పొగడను.

అద్దకం పనికి నేను వెళ్లలేదు. ఆ నెలలోనే, పక్కనున్న దుర్గ్‌లో, ముత్తాతగారి నాటి మా వెండి పన్నీరుబుడ్డి అమ్మేశాం.