టైరు చూసే డ్రైవరు

ఎనభైల్లో వరంగల్–నర్సంపేట బస్సు నడిపిన జమాలుద్దీన్, సిగ్గుతో చావడానికైనా సిద్ధపడ్డ మనిషి. మూత్రం చుక్కలు చుక్కలుగా వస్తున్నా ఇంట్లో కూడా చెప్పలేదు. దారిలో బస్సు ఆపాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేశాడు. చివరికి ఒకరోజు మూత్రం పూర్తిగా ఆగిపోయి దవాఖానలో పడ్డాడు. వయసుతోపాటు లోపలి గ్రంథి పెరిగి దారి మూసేసిందని చెప్పి డాక్టరు ఆపరేషన్ చేశాడు.

మళ్లీ స్టీరింగు పట్టాక అతని చూపంతా అద్దంలో కనిపించే ముసలివాళ్ల మీదే. ఎవరైనా కుదురుగా కూర్చోలేక అవస్థపడుతుంటే తుమ్మచెట్ల పక్కన బస్సు ఆపి, "టైరు జర సూడాలె, దిగేటోళ్లు దిగుండ్రి" అనేవాడు. జనం విసుక్కున్నా లెక్కచేయక టైరును తన్నుతూ నిలబడేవాడు. చెట్ల చాటు నుంచి వచ్చిన మనిషి చెవిలో మెల్లగా చెప్పేవాడు: "సిగ్గెందుకు కాకా? నాగ్గూడ గిదే ఉండె. దవాఖానకు పో."

యాకయ్య అనే రైతుకు ఏడాదిపాటు అలాగే చెప్పాడు. చాలా రోజుల తర్వాత బస్సెక్కిన యాకయ్య, తుమ్మల దగ్గర బండి అలవాటుగా నెమ్మదించగానే ముందుకొచ్చి డ్రైవరు భుజం తట్టాడు.

"పోనియ్యి సాబ్, దవాఖానకు పోయొచ్చిన. ఇగ నీ టైరుకేం గాదు."