అరవై రెండు ఓట్లలో ఒకటి

పదహారేళ్ల పాటు, ఆకులు రాలే కాలం వచ్చిందంటే చాలు, ఆర్డిస్ కైపర్ ఆదివారం పొద్దున్న ఏడూ నలభైకి వంటింటి పక్కన సామాన్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేది. టెలిఫోను తీగ తలుపు కింద నుంచి లోపలికి పోయేది. బంగాళాదుంపల పెట్టె మీద కూర్చుని, ఒళ్లో కాగితం పెట్టుకుని, ఇరవై అయిదు పేర్లు వరసగా చదివేది. అవతల పేపరు ఆఫీసులో ఎవరో రాసుకునేవారు.

దేశంలోని కాలేజీ ఫుట్‌బాల్ జట్లలో మేలైనవి, మొదటి నుంచి ఇరవై అయిదో దాకా. అలా ఓటు వేసే హక్కు అరవై రెండు మంది కోచ్‌లకి ఉండేది. మా హాలరన్ స్టేట్ కాలేజీ కోచ్ రస్ టలివర్ అందులో ఒకడు. ఓటు ఆయనది. వేసేది ఆయన సెక్రటరీ ఆర్డిస్.

ఈ సంగతి ముగ్గురికే తెలుసు. ఆమెకి, కోచ్‌కి, ఆమె భర్త గెరిట్‌కి. పక్క గదిలో కూర్చుని మ్యాచ్ టికెట్లు అమ్మే నాకు కూడా తెలీదు.

తలుపు వేసుకోవడం ఓటు దాచడానికి కాదు. అయోవాలో మాది డచ్చి వాళ్ల ఊరు. ఆదివారం దేవుడి రోజు, ఎవరూ పని చెయ్యరు. గడ్డి కోయరు, బట్టలు ఆరెయ్యరు. చర్చి సంఘపెద్ద హెండ్రిక్ డైక్‌స్ట్రా ఇల్లు సరిగ్గా ఆమె వంటింటి కిటికీకి ఎదురుగా ఉంటుంది.

కోచ్ మా ఊరు వచ్చిన మొదటి ఏడాది ఇది మొదలైంది. ఒక శనివారం జట్టు ఓడిపోయింది. సాయంత్రం ఆయన ఆఫీసులో టేబుల్ మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆర్డిస్, రేపు పొద్దున్న ఆ పేపరు వాళ్లకి ఓటు చెప్పాలట. ఏవో పాతిక పేర్లు నువ్వే చెప్పేద్దూ."

"నాకేం తెలుసు కోచ్?"

"నాకు మాత్రం ఏం తెలుసు? వారమంతా కలిపి నేను చూసేది మన మ్యాచ్ ఒక్కటే. దాన్ని కూడా చూడబుద్ధి కావట్లేదు."

ఇంకొకరైతే పేపర్లో ఉన్న వరసనే తిరగ చదివి ఊరుకునేవారు. ఆర్డిస్ అలాంటి మనిషి కాదు. టైపు చేసిన ఉత్తరాన్ని మూడు సార్లు చదివితే గాని కవరులో పెట్టదు. ఆ వారమే వంటకాలు రాసుకునే కార్డులు ఒక కట్ట కొంది. జట్టుకో కార్డు. శనివారం మధ్యాహ్నం వంటింట్లో రెండు రేడియోలు పెట్టుకుని, ఒకటి వింటూ రెండోది తగ్గిస్తూ, ఎవరు ఎవరి మీద ఆడారు, వానలో ఆడారా, మంచి ఆటగాడు కాలు విరిగి కూర్చున్నాడా, అన్నీ సన్నటి అక్షరాలతో రాసేది. ఆదివారం లేచాక కార్డులు రొట్టె కోసే చెక్క మీద పరిచి, పైవి కిందికి, కిందివి పైకి జరిపేది.

గెరిట్ కాఫీ తాగుతూ చూసేవాడు. "ఏంటి, ఈ వారం మన వాళ్లు లేరా?"

"లేరు."

"ఇరవై అయిదోది ఇవ్వొచ్చుగా. కోచ్ సంతోషిస్తాడు."

"మన వాళ్లు ఇరవై అయిదో జట్టు కాదు గెరిట్. అరవయ్యో జట్టు."

పదహారేళ్లలో హాలరన్ స్టేట్‌కి ఆమె ఓటు వేసింది రెండే సార్లు. అదీ గెలిచాకే.

అన్ని ఆటలకీ ఫైనల్ ఉంటుంది. పెద్ద కాలేజీల ఫుట్‌బాల్‌కి అప్పట్లో లేదు. పన్నెండు వారాలు ఆడేవారు. కొత్త సంవత్సరానికి పెద్ద జట్లు రెండేసి చొప్పున ఎండ కాసే ఊళ్లకి వెళ్లి బౌల్ మ్యాచ్‌లు ఆడేవి. ఎవరు ఎవరితో ఆడాలన్నది ముందే కుదుర్చుకున్న లెక్క. మొదటి జట్టు, రెండో జట్టు ఎదురుపడాలని లేదు. ఆ మర్నాడు ఓట్లు లెక్కపెట్టి ఛాంపియన్ ఎవరో చెప్పేవారు. మొదటి స్థానానికి ఇరవై అయిదు పాయింట్లు, రెండో స్థానానికి ఇరవై నాలుగు, అలా కిందికి.

ఆర్డిస్ ఓటు వేసిన పదహారో ఏడాది ఓటమి లేని జట్లు రెండు మిగిలాయి. ఒకటి దక్షిణాదిలో పెద్ద యూనివర్సిటీ. ఇంకొకటి పడమటి కొండల్లో చిన్న కాలేజీ. కొత్త సంవత్సరం రోజున రెండూ రెండు ఊళ్లలో, ఒకే గంటలో ఆడాయి. మా దగ్గర మంచు తుఫాను. కరెంటు లేదు, టీవీ లేదు. బ్యాటరీ రేడియోలో దక్షిణాది మ్యాచ్ మాటమాటా వినిపించింది. కొండల వాళ్ల మ్యాచ్ పెడితే గరగరమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇద్దరూ గెలిచారు. మర్నాడు ఆర్డిస్ తాను విన్న జట్టుకి మొదటి స్థానం ఇచ్చింది. వినని జట్టుకి రెండోది.

దక్షిణాది వాళ్లు ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్లయ్యారు.

ఆమె ఆ లెక్క వంటింటి బల్ల మీద ఒకసారి వేసింది. ఆ రెండు పేర్లూ అటుదిటు చేసి ఉంటే ఒకరికి ఒకటి తగ్గేది, ఇంకొకరికి ఒకటి పెరిగేది. కొండల వాళ్లు ఒక్క పాయింటుతో గెలిచేవారు. పేపర్లో ఫొటో వచ్చింది. హాస్టల్ వరండాలో నేల మీద కూర్చుని వార్త వింటున్న ఆ జట్టు ఆటగాళ్లు. ఒకడు టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆర్డిస్ ఆ ఫొటో కత్తిరించలేదు, దాచలేదు. దాచాల్సిన అవసరం రాలేదు, అది ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు.

మార్చిలో కాలేజీల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మేటి జట్లని ఎదురెదురుగా ఆడించి ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్ పెట్టాలా వద్దా, ప్రతి కాలేజీ తన మాట రాసి పంపాలి. మా కాలేజీ అధ్యక్షుడు ఊరినే అడుగుతానన్నాడు. ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం బాస్కెట్‌బాల్ హాల్లో చర్చ. ఊరు ఎటు ఉంటే ఉత్తరం అటు.

నెల రోజులు వేరే మాట లేదు. ధాన్యం గోదాములో, బేకరీలో, మంగలి దగ్గర.

"డిసెంబరంతా మ్యాచ్‌లు పెడితే పిల్లలు పరీక్షలెప్పుడు రాస్తార్రా?"

"మీ వాడు మ్యాచ్‌లు లేకుండానే తప్పాడుగా. ఉంటే ఒక సాకైనా దొరికేది."

"ఇప్పుడు బౌల్ మ్యాచ్‌ల్లో పద్దెనిమిది జట్లు గెలిచి నవ్వుతూ ఇంటికెళ్తున్నాయి. ప్లేఆఫ్ పెడితే నవ్వేది ఒక్కటే."

గెరిట్ వాదన వేరు. "అసలు ఎవరు గొప్పో తేలిపోతే, జనవరి నుంచి ఆగస్టు దాకా మనం దేని గురించి మాట్లాడుకోవాలి? మొక్కజొన్న గురించా?"

గోదామంతా ఆయన వైపే.

చర్చకి ముందు గురువారం ఆర్డిస్ భోజనం దగ్గర చెప్పింది. "నేను మాట్లాడతాను."

గెరిట్ ఫోర్కు కింద పెట్టాడు. "పెన్షన్‌కి ఇంకా నాలుగేళ్లుంది."

"తెలుసు."

"కోచ్ పరువు?"

"దాని గురించే ఆలోచిస్తున్నాను."

శుక్రవారం ఆమె కోచ్ గదిలోకి వెళ్లింది. ప్లేఆఫ్ వద్దని వాదించబోయేది ఆయనే. "రేపు ఓట్ల గురించి మాత్రం ఎత్తకండి కోచ్. మిగతా ఏదైనా చెప్పండి."

"ఏం, ఎందుకు?"

"మీరెత్తితే నేనూ మాట్లాడాల్సి వస్తుంది."

కోచ్ పెద్దగా నవ్వాడు. జోక్ అనుకున్నాడు.

శనివారం హాలు నిండింది. నేలకి కొత్తగా మెరుగు పెట్టారు, అందుకని అందరూ బూట్లు బయట విడిచి రావాలి. అయిదు వందల మంది సాక్సులతో. ప్లేఆఫ్ కావాలనే వాళ్లు తూర్పు గ్యాలరీలో, వద్దనే వాళ్లు పడమటి గ్యాలరీలో కూర్చోవాలి. మనసు మారితే ఎప్పుడైనా లేచి అటు నడవొచ్చు. పడమర కిటకిటలాడుతోంది. తూర్పున అరవై మంది ఉంటారేమో, సగం విద్యార్థులు. ఆర్డిస్ ఎటూ కూర్చోలేదు. తలుపు దగ్గర నా పక్కన నిలబడింది.

ముందు ప్లేఆఫ్ కావాలని లెక్కల మాస్టారు మాట్లాడాడు. ఆయన తెచ్చిన అంకెలు నిజమైనవే. మూడో పట్టిక దగ్గర పడమటి గ్యాలరీలో ఒకాయన గురక పెట్టాడు.

తర్వాత కోచ్. నేల మధ్య గుండ్రటి గీత లోపల నిలబడి చుట్టూ చూశాడు. మనిషి టెక్సాస్ వాడు, గొంతు గంట. పరీక్షల గురించి చెప్పాడు, దెబ్బల గురించి చెప్పాడు, పిల్లలు ఎండలో గడిపే ఆ ఒక్క వారం గురించి చెప్పాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది.

"ఛాంపియన్ ఎవరో తేలట్లేదంటున్నారు. ఎందుకు తేలట్లేదు? అరవై రెండు మంది కోచ్‌లం ఉన్నాం. ప్రతి ఆదివారం పొద్దున్నే కూర్చుని ఒక్కో జట్టునీ తూచి, గుండె మీద చెయ్యేసుకుని ఓటేస్తున్నాం. ఆట తెలిసిన వాడి మాట కన్నా మీకింకేం కావాలి?"

పడమర లేచి చప్పట్లు కొట్టింది.

ఆర్డిస్ నేల మీదికి నడిచింది. బూడిద రంగు సాక్సులు. చప్పుడు లేదు. చప్పట్లు ఆగేదాకా గీత అవతల నిలబడింది.

"కోచ్, ఒక్క ప్రశ్న."

ఆయన ముఖంలో రంగు మారింది. అయినా, "అడుగు ఆర్డిస్," అన్నాడు.

"పోయిన జనవరిలో మీ మొదటి ఓటు ఎవరికి పడింది?"

కోచ్ ఒక క్షణం తడుముకున్నాడు. తర్వాత ధైర్యంగానే చెప్పాడు. "కొండల వాళ్లకి. సందేహమెందుకు? వాళ్లని ఆపగలిగే జట్టు ఈ దేశంలో లేదు."

"లేదు కోచ్. మీ ఓటు దక్షిణాది వాళ్లకి పడింది."

"ఎవరు చెప్పారు?"

"వేసింది నేను."

పడమర లేచి నిలబడ్డ వాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు.

ఆమె జనం వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పదహారేళ్ల సంగతి నాలుగు మాటల్లో చెప్పింది. మంచు తుఫాను చెప్పింది. ఒక్క పాయింటు చెప్పింది.

"కోచ్ మనసులో ఉన్నట్టు ఓటు పడి ఉంటే కొండల వాళ్లే ఛాంపియన్లు. మైదానంలో వాళ్లని ఎవరూ ఓడించలేదు. నా రేడియో ఓడించింది. కోచ్ అబద్ధాలాడే మనిషి కాదు, ఆయనకి తీరిక లేదు. శనివారం ఆడించే మనిషి శనివారం అందరి ఆటలూ ఎలా చూస్తాడు? మిగతా అరవై ఒక్క మందికీ అంతే. వాళ్ల ఆఫీసుల్లో కూడా ఒక్కో ఆర్డిస్ ఉండే ఉంటుంది."

అక్కడక్కడ నవ్వారు.

"ఆవిడా మంచిదే అయ్యుంటుంది. నేనూ జాగ్రత్తగానే వేశాను. ఎంత జాగ్రత్తగా వేసినా అది నా వంటింట్లో జరిగే పని. ఆ రెండు జట్లకీ ఒక మైదానం ఇవ్వండి. మూడు గంటలు ఇవ్వండి. నన్ను అడక్కండి."

పడమటి గ్యాలరీ ముందు వరసలో సంఘపెద్ద డైక్‌స్ట్రా లేచాడు. ఎనభై దాటిన మనిషి.

"ఆదివారమా, ఆర్డిస్?"

"ఆదివారమే, హెండ్రిక్ గారూ. చర్చికి ముందు."

"పదహారేళ్లూ?"

"ఆట ఉన్న నెలల్లో మాత్రమే."

"ప్లేఆఫ్ వస్తే ఆ పని ఉండదా?"

"ఉండదండీ."

"అయితే నేను అటు," అని చేతికర్ర పట్టుకుని తూర్పుకి నడవడం మొదలుపెట్టాడు.

ముందు నవ్వు ఎవరిదో తెలీదు. తర్వాత హాలు మొత్తం నవ్వింది. నవ్వు తగ్గాక అందరూ కోచ్ వైపు చూశారు. ఆయన తల దించుకుని నిలబడి ఉన్నాడు.

"నా ఓటు ఎవరికి పడిందో నాకే తెలీదు," అన్నాడు చివరికి. "అలాంటి ఓటుతో నేనెవర్ని ఛాంపియన్ని చేస్తాను?"

ఆర్డిస్ ముందు నుంచి వెళ్తూ ఆగాడు. "నిన్న చెప్పావు కదా."

"చెప్పాను కోచ్."

"నవ్వాను."

"నవ్వారు."

ఆయన తూర్పు మెట్లు ఎక్కి సంఘపెద్ద పక్కన కూర్చున్నాడు. ఇక పడమర ఆగలేదు. వరస వెంట వరస దిగింది. మెరుగు పెట్టిన నేల మీద వందల సాక్సులు, జారేవాళ్లు జారుతున్నారు, పట్టుకునేవాళ్లు పట్టుకుంటున్నారు. గోదాము వాళ్లు గుంపుగా దాటారు. చివర్లో గెరిట్ దిగాడు, మొక్కజొన్న విత్తనాల కంపెనీ టోపీ సర్దుకుంటూ.

"ఇంట్లో ఇంత బాగా చెప్పలేదు నువ్వు."

"ఇంట్లో నువ్వు వినలేదు."

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని తూర్పుకి తీసుకెళ్లాడు. అధ్యక్షుడు రెండుసార్లు లెక్కపెట్టించాడు. కావాలన్న వాళ్లు నాలుగు వందల డెబ్బై ఒకటి. వద్దన్న వాళ్లు ఇరవై ఆరు. తూర్పు గ్యాలరీ బెంచీల మీద పాదాలతో కొట్టింది. సాక్సులతో కొడితే ఆ చప్పుడు వేరేగా ఉంటుంది, మెత్తగా, దూరాన ఉరిమినట్టు.

సోమవారం ఆమె ఎప్పటిలాగే ఎనిమిదికి వచ్చింది. కోచ్ ఆమె కన్నా ముందే వచ్చి టైపు మిషను ముందు కూర్చుని రెండు వేళ్లతో కొడుతున్నాడు. తన ఓటు ఇకమీద వద్దని పేపరుకి ఉత్తరం. నాలుగు తప్పులున్నాయి. ఆర్డిస్ దిద్దింది, మూడు సార్లు చదివింది, కవరులో పెట్టింది. ఉద్యోగం గురించి ఎవరూ మాట్లాడలేదు. నాలుగేళ్ల తర్వాత పెన్షన్ తీసుకుంది. ఆ రోజు కోచ్ ఇచ్చిన విందులో హామ్ బన్నులు చాలక మళ్లీ తెప్పించాల్సి వచ్చింది.

ఆ వసంతంలో ప్లేఆఫ్ కావాలని రాసిన కాలేజీలు కొన్నే. ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. అయినా వచ్చింది. నాలుగు జట్లు, గెలిచిన రెండింటికి ఫైనల్. మొదటి మ్యాచ్ కొత్త సంవత్సరం రోజు మధ్యాహ్నం. చర్చి హాల్లో పెద్ద టీవీ పెట్టారు. ఆర్డిస్‌కి డెబ్బై తొమ్మిది. ముందు వరసలో కూర్చుంది. రెండు జట్లూ ఒకే గడ్డి మీద ఎదురెదురుగా నిలబడ్డాయి.

వెనక నుంచి గెరిట్ అరిచాడు. "ఆర్డిస్, ఎవరు గెలుస్తారు?"

ఆమె వెనక్కి తిరిగింది. హాల్లో ఉన్న వాళ్లందరికీ వినపడేలా, పకపకా నవ్వుతూ చెప్పింది.

"నాకేం తెలుసు!"