మూడో అంతస్తు నుంచి మోగే గంట

నిన్న పొద్దున్న మా బాల్కనీలో గంట మోగింది. సింహాద్రి మావయ్యే అనుకున్నాను.

"వస్తున్నా ఉండు మావయ్యా" అంటూ వెళ్లి కిందికి వంగి చూశాను. మూడో అంతస్తు బాల్కనీలో తాడు పట్టుకుని నరసమ్మత్త నిలబడి ఉంది.

"మీ మావయ్య లెగట్నేదే గుంటా" అంది.

అంతే.

నిద్రలోనే వెళ్లిపోయాడు. నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు. మొన్న సాయంత్రమే కదా, అల్లం టీలో పంచదార తక్కువేశానని నాతో గొడవ పెట్టుకున్నాడు!

నిన్ననే దహనం అయిపోయింది. అప్పటినుంచి అత్త మెతుకు ముట్టలేదు. వచ్చినవాళ్లందరినీ పంపేసి తలుపు వేసుకుంది. నా బెంగంతా ఇప్పుడు ఆవిడ గురించే.

మావయ్య గురించి తెలియనివాళ్లకి చెప్తాను.

ఆయన మాకు చుట్టం కాదు. అమ్మని "చెల్లెమ్మా" అని పిలిచాడు, నాకు మావయ్య అయిపోయాడు. ఇక్కడ బర్మాలోనే, కలో కొండల్లో రైల్వేలో చేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. అక్కడ చలి ఎముకలు కొరికేస్తుందని, ఏటా దీపావళి వెళ్లగానే ఇద్దరూ ఓ బస్తా అవకాడోలూ, ఓ బస్తా అల్లమూ వేసుకుని యాంగోన్ దిగేవారు. తామ్వేలో మా బిల్డింగ్‌లోనే అద్దెకుండేవారు. మార్చిలో మాకు ఎండలు ముదరగానే మళ్లీ కొండెక్కేసేవారు.

మేం వాళ్లని "వింటర్ వాళ్లు" అనేవాళ్లం.

ఎంత హాయిగా బతికేవారో! పొద్దున్న బాల్కనీలో అల్లం ఎండబెట్టుకోవడం. మధ్యాహ్నం లూడో. అత్త తొండాట ఆడుతుందని మావయ్య బిల్డింగంతా వినపడేలా అరవడం. ఆదివారం బోటాటౌంగ్ రేవుకి వెళ్లి, నది దాటే దలా ఫెర్రీలు చూస్తూ కూర్చోవడం. "మా తాత ఈ రేవులోనే బస్తాలు మోసీవోడు" అని ప్రతి ఆదివారమూ చెప్పేవాడు. అత్త ప్రతి ఆదివారమూ కొత్తగా విన్నట్టే ఊ కొట్టేది.

ఇక తాడు సంగతి.

మాది ఐదో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఇక్కడ అందరిలాగే మేమూ వీధిలోకి తాడు వేలాడదీసి, చివర క్లిప్, పైన గంట కట్టుకున్నాం. కింద అమ్మేవాళ్లు సరుకు తగిలించి తాడు లాగితే గంట మోగుతుంది. మేం పైకి లాక్కుంటాం.

వాళ్లు వచ్చిన మొదటి ఏడాది, అమ్మ పొద్దుటి టిఫిన్‌కి మొహింగా, అదే చేపల పులుసు నూడుల్స్, పొట్లాం లాగుతుంటే మధ్యలో తాడు తేలికైపోయింది. వంగి చూస్తే, మూడో అంతస్తులో కొత్తాయన మా టిఫిన్ తింటున్నాడు!

"అది మాది!" అని అమ్మ అరిచింది.

"అయ్యో! కొత్తగా వచ్చినోలికి పక్కింటోలు పంపినారనుకున్నానమ్మా! మా కలోలో పక్కింటోలు గోడ మీద ఏటైనా పెడితే మనకే గదా" అన్నాడు పాపం, నోటినిండా కుక్కుకుని.

పది నిమిషాల్లో అదే తాడుకి సంచీడు అవకాడోలు కట్టి గంట కొట్టాడు. ఆ రోజు నుంచి, వాళ్లున్నన్నాళ్లూ మా తాడు ఏ రోజూ ఖాళీగా పైకి రాలేదు.

తర్వాత, సైన్యం గద్దెనెక్కిన ఆ ఫిబ్రవరి వచ్చింది. నెట్ పోయింది. బస్సులు ఆగాయి. కొండెక్కడానికి వాళ్లు కట్టుకున్న మూటలు కట్టినట్టే ఉండిపోయాయి. సాయంత్రం వీధంతా బాల్కనీల్లోకొచ్చి సైన్యం మీద నిరసనగా గిన్నెలు కొడుతుంటే, మావయ్య కూడా అందుకున్నాడు.

"మంచి గిన్నె సొట్ట పోతాది, మూత తీసుకో!" అని అత్త లోపల్నుంచి అరుపు. ఆయన బుద్ధిగా మూత తెచ్చుకుని వాయించాడు. వీధిలో కుర్రాళ్లు నవ్వుతూ "ఊ సింహా!" అని, మన "గారు"లా "ఊ" చేర్చి కేకలు. అంత భయంలోనూ నవ్వుకున్నాం.

ఆ వానాకాలంలోనే అమ్మకీ నాకూ ఒకేసారి కోవిడ్ జ్వరం. మెట్లెక్కి వచ్చే మనిషి లేడు. ఆక్సిజన్ కోసం ఊరంతా లైన్లలో ఉంది. అమ్మకి ఊపిరి ఆడనప్పుడల్లా ఇక అయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు మోగేది గంట. కింద మావయ్య తగిలించిన క్యారేజీలో వేడి గంజి.

"పైకి లాగీసినాక తాడు ఓపాలి ఊపండి. నా చేతికి తెలుస్తాది, మీరు బాగున్నారని!"

నేను లేవలేకపోయినా ఊరుకునేవాడు కాదు. "ఏటే గుంటా, లాగవేటి! మీ అత్త గంజి సల్లారిపోతంది!" అని గంట కొడుతూనే ఉండేవాడు. ఆ గోలకే లేచేదాన్ని. ఆ గంజితోనే అమ్మ లేచి కూర్చుంది.

మేం బతికి ఉన్నామంటే వాళ్లిద్దరి వల్లే. ఈ మాట ఎక్కడైనా చెప్తాను.

తర్వాత దారులు సరిగ్గా తెరుచుకోలేదు, వాళ్లు మళ్లీ కొండెక్కలేదు. మార్చి ఎండలకి తడిగుడ్డ నెత్తినేసుకుని కూర్చుని, "ఎలిపోతే మీకు గంట ఎవులు కొడతారు?" అనేవాడు మావయ్య.

ఈ పొద్దున్న అమ్మ గంజి కాచింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, తిండి బయటినుంచే వెళ్లాలి. కిందికెళ్లి తలుపు కొట్టాను. అత్త తీయలేదు.

పైకొచ్చి, అదే క్యారేజీని తాడుకి కట్టి మూడో అంతస్తు దాకా దించాను. గంజి పంపి, అవతల తాడు ఊపుతారని నేను ఎదురుచూడటం ఇదే మొదటిసారి.

"వదినా, తాడు ఊపు" అని అమ్మ పైనుంచి పిలిచింది. చేతులు నొప్పెట్టేదాకా పట్టుకునే ఉన్నాను.

చాలాసేపటికి క్యారేజీ బరువు తగ్గింది. ఇంకాసేపటికి గంట మోగింది.

"ఉప్పేదే గుంటా ఇందులో? మీ మావయ్యయితే తాడు తెంపీసేవోడు!"

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. "మధ్యాహ్నం నువ్వే చెప్దువుగాని, ఎంతెయ్యాలో!"

"సర్లే, పంపు" అంది అత్త.

వెళ్లిరా మావయ్యా. ఎముకలు కొరికే చలి లేని చోట, వెచ్చగా, శాంతిగా పడుకో. అత్త గంజి తాగింది. ఇక నుంచి తాడు మేం పట్టుకుంటాం.