హాస్టల్‌కు ముందే చేరిన బ్యాగు

దయ్యాలున్నాయని నేను ఏ రోజూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి కూడా ఇది రాయడం లేదు. ఆ కాలేజీ వాళ్లకు నేను రాసిన ఫిర్యాదుల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకని, జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

తొంభైల చివర్లో మా అమ్మాయి సంధ్యకు గోపన్‌పల్లి అవతల కొత్తగా పెట్టిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటొచ్చింది. అప్పటికి ఆ చుట్టుపక్కల బండరాళ్లు, ఎర్రమట్టి దారులే. కంప్యూటర్ కంపెనీల కోసం మాదాపూర్‌లో లేస్తున్న గుండ్రటి బిల్డింగు గురించి మాత్రం పేపర్లో తరచూ వచ్చేది. కంప్యూటర్ చదివి అందులో ఉద్యోగం చెయ్యాలని సంధ్యకు ఒకటే ధ్యాస. మేముండేది సంగారెడ్డిలో. రోజూ వచ్చిపోవడం కుదరదని, హాస్టల్లో మంచం దొరికితేనే ఆ చదువని మా ఆయన తేల్చి చెప్పారు.

కాలేజీ వాళ్లు ఓరియంటేషన్ మంగళవారం పెట్టారు. ఆ మాట మేం వినడం అదే మొదలు. ఆ రోజు పిల్లలూ తల్లిదండ్రులూ పొద్దున్నే మీటింగుకు రావాలట. రాకపోతే హాస్టల్ మంచం వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు ఇచ్చేస్తారట. మంగళవారం, పైగా అమావాస్య. మా అత్తమ్మ ససేమిరా అంది. రోజు మార్చమని ఎస్టీడీ బూత్ నుంచి కాలేజీకి ఫోన్ చేస్తే ఎత్తినాయన నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

చివరికి అత్తమ్మే దారి చెప్పింది. దానికి ముందొచ్చే శుక్రవారం బాగుంది కాబట్టి ప్రస్థానం పెట్టమంది. అంటే, మంచిరోజున ప్రయాణం కుదరనప్పుడు ఆ మనిషి వాడే వస్తువొకటి తీసుకెళ్లి దారిలో ఎవరింట్లోనైనా పెడతారు. ఇక ఆ రోజే బయల్దేరినట్టు లెక్క.

"వస్తువు పోయిందంటే మనిషి పోయినట్టే. ఇగ మంగళవారమైనా ఏం ఫికర్ లేదు," అంది అత్తమ్మ.

పటాన్‌చెరులో మా ఆయన పిన్ని కొడుకు ఇంట్లో పెట్టి రమ్మంది. వాళ్లు గృహప్రవేశానికి నన్ను బొట్టు పెట్టి పిలవలేదు. కార్డు గేటు సందులో దోపిపోయారు. అలాంటి వాళ్ల గడప నేనెందుకు తొక్కుతాను? ఎలాగూ బస్సెక్కాను కదా అని పటాన్‌చెరు దాటేసి నేరుగా హాస్టల్‌కే పోయాను. సంధ్యకిచ్చిన గదిలో కిటికీ పక్క మంచం మీద బ్యాగు పెట్టాను. అందులో ఒక దుప్పటి, సంధ్య తరచూ వేసుకునే పసుపుపచ్చ చుడీదార్. బ్యాగుకు తాళం వేసి చెవి పర్సులో వేసుకున్నాను. గదిలో ఇంకా ఎవరూ చేరలేదు. వార్డెన్ కోస్తా వైపావిడ. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని కూర్చోమని కూడా అనలేదు.

మంగళవారం లింగంపల్లిలో కాలేజీ బస్సు ఉంటుందన్నారు. రాలేదు. సెవెన్ సీటర్ ఆటోలో ఇరుక్కుని, దుమ్ము కొట్టుకుని నేనూ సంధ్యా చేరేసరికి మీటింగు సగమైపోయింది. నేరుగా హాస్టల్‌కు పోతే, సంధ్య పేరు వినగానే వార్డెన్ చిరాకుపడింది.

"మీ అమ్మాయి శుక్రవారమే చేరిపోయిందండి. పొద్దున మెస్సులో టిఫిన్ కూడా చేసింది. మరి ఈ అమ్మాయెవరు?"

నాకు ఒళ్లు మండింది. వేరే ఎవరికో మంచం ఇచ్చేసి నాకు కథలు చెబుతున్నారనుకున్నాను. సీటు కాగితాలు బల్ల మీద పెట్టి, ప్రిన్సిపల్ దగ్గరికి పోదాం పదండన్నాను. మిగతా తల్లిదండ్రులందరి ముందూ ఆవిడ నన్ను "ఏమ్మా, మతి ఉండే మాట్లాడుతున్నావా?" అంది. నేను కదల్లేదు. చివరికి కాగితం మీది ఫోటోనూ సంధ్య ముఖాన్నీ మార్చి మార్చి చూసి, ఏదో పొరపాటై ఉంటుందని గొణిగి, పైకి పొమ్మంది. మంచం మాకే దక్కింది. గెలిచాననుకున్నాను.

గదిలో కిటికీ పక్క మంచం మీద దుప్పటి పరిచి ఉంది. మా ఇంటి దుప్పటే. కిటికీ ఊచలకు కట్టిన తాడు మీద పసుపుపచ్చ చుడీదార్ ఆరేసి ఉంది. చున్నీ అంచు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. బ్యాగు మంచం కింద ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. పర్సులోంచి చెవి తీసి నేనే తెరిచాను. లోపల ఖాళీ.

పక్క మంచం అమ్మాయి పేరు కవిత, నిర్మల్ నుంచి వచ్చింది. సంధ్యను చూసి నవ్వబోయి ఆగిపోయింది.

"ఇప్పుడే గదా నీకు ఒక్క జడ ఏసిన. గింతల్నే రెండు జడలెట్ల అల్లుకున్నవ్?"

సంధ్య నా చెయ్యి పట్టుకుంది. నేను కవితను వరండాలోకి తీసుకుపోయి అడిగాను. శనివారం తను వచ్చేటప్పటికే సంధ్య గదిలో ఉందట. ఊరు సంగారెడ్డి అని చెప్పిందట. నా పేరు చెప్పిందట. మా అమ్మ పక్కింటి కోడి కూసినా లొల్లి పెట్టుకుంటదని చెప్పి నవ్విందట. ఆ మాట నాకు నచ్చలేదు. కానీ అది మా సంధ్య ఇంట్లో నన్ననే మాటే.

తర్వాత కవిత గొంతు తగ్గించింది.

"మంగళవారం మా అమ్మ వస్తది అన్నది ఆంటీ. అమ్మ తోటి నా లెక్క ఇంకొకామె వస్తది, ఆమె నేను కాదు, గదిలకి రానియ్యకు అన్నది. మజాక్ చేస్తున్నదనుకున్న."

ఆ పిల్ల ఇప్పుడెక్కడ ఉందని అడిగాను. నీళ్లకు పోయిందని వరండా చివరికి చూపించింది. అక్కడ బాత్రూంలో నల్లా కింద బకెట్ నిండుతున్న చప్పుడు వస్తోంది. మేం వింటుండగానే నల్లా కట్టేశారు.

నేను అటు చూడలేదు. గదిలోకి పోయాను. సంధ్య ఆ తడి చున్నీ పట్టుకుని నిలబడి ఉంది. "ఇది నేనెప్పుడు ఉతికినమ్మా?" అంది. రెక్క పట్టుకుని రెండోవైపు మెట్ల మీదుగా కిందికి లాక్కొచ్చాను. కొట్లాడి గెలిచినదాన్ని నా అంతట నేను వదులుకోవడం నా జీవితంలో అదొక్కసారే. బ్యాగు కూడా తెచ్చుకోలేదు.

సీటు పోయిందని సంధ్య దారంతా ఏడ్చింది. ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే అత్తమ్మ ఒక్కటే అడిగింది, బ్యాగు తెచ్చినవా అని. తేలేదన్నాను. ఆమె లేచి లోపలికి పోయింది. సంధ్యను సంగారెడ్డిలోనే డిగ్రీలో చేర్పించాం.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం పక్కింటివాళ్లు ఫోనొచ్చిందని పిలిచారు. కాలేజీలో వాళ్ల నంబరే ఇచ్చాం. చేసింది వార్డెన్. గొంతులో మునుపటి పొగరు లేదు.

"సెలవులకు పిల్లలందరూ వెళ్లిపోయారండి. మీ అమ్మాయొక్కతే మిగిలింది. ఇంటికెళ్లమంటే ఏడుస్తోంది. కాస్త వచ్చి తీసుకెళ్లండమ్మా."

పక్కింటి కిటికీలోంచి మా వాకిలి కనిపిస్తుంది. సంధ్య మెట్ల మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. మా అమ్మాయి ఇంట్లోనే ఉందని చెప్పాను.

"నా పక్కనే నిలబడి ఉందండి. ఇస్తున్నాను, మీరే మాట్లాడండి."

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. ఏడ్చి ఏడ్చి ఎగపీలుస్తున్న ఊపిరి వినిపించింది. మాట రాకముందే పెట్టేశాను.

మా అమ్మాయి పేరు మీద గదిలో ఎవరిని ఉంచారో చెప్పమని ఆ తర్వాత ఎన్నిసార్లు రాశానో. వాళ్లకు అంత మర్యాద కూడా లేదు. సంధ్య ఇప్పుడు స్కూల్లో లెక్కలు చెబుతోంది. పెళ్లైంది, ఇద్దరు పిల్లలు. అన్ని విధాలా మా సంధ్యే. ఆ ఊపిరి ఎవరిదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే అది నన్ను ఏమని పిలిచేదో కూడా తెలియదు.