గడ్డి ముట్టని గుర్రం

యాదయ్య గుర్రం ఆ రోజు గడ్డి ఎందుకు తినలేదో నాకు తెలుసు. చాలా ఏండ్లు ఎవరికీ చెప్పలేదు.

మా జాతరలో గుర్రాలకు దూరపు పందెం ఉండేది. ముందు వచ్చిన గుర్రం అందరి ఎదుట గడ్డి మేస్తేనే గెలుపు. మేయకపోతే దాన్ని చావగొట్టి ఉరికించినట్టు లెక్క. కొరడా వాడొద్దన్నది ఇంకో కట్టుబాటు. ఒక ఏడు గెలిచిన నన్ను, కొరడా వాడానని యాదయ్య పట్టించాడు. నేను వాడింది నిజమే. అయినా గెలిచినందుకు నా నెత్తికి చుట్టిన తలపాగాను అందరి ముందు విప్పించిన మనిషికి అంతకంత చేయాలనుకున్నాను.

తరువాత కల్వకుర్తి బస్సులో, పక్కన కూర్చున్న ముసలి టాంగా మనిషితో ఈ కోపమంతా వెళ్లగక్కాను. ఆయన నవ్వి, వేలితో తన ముందుపండ్లు రుద్ది చూపించాడు.

"మేక కొవ్వు జర గిట్ల రాయి తమ్మీ. ఎంత ఆకలున్నా గడ్డి ముట్టది. ఫికర్ జెయ్యకు, గుర్రానికేం గాదు."

మరుసటి జాతరలో యాదయ్యే ముందు వచ్చాడు. అతను దిగి నీళ్లు తాగేలోపు నా పని కానిచ్చాను. గుర్రం గడ్డిని వాసన చూసి మొహం తిప్పుకుంది.

"నోరులేని జీవాన్ని సంపుతవారా?" అని జనం యాదయ్యను తిట్టారు. గుర్రానికి నిజంగానే ఏమీ కాలేదు. యాదయ్య మాత్రం దాన్ని అమ్మేసి, జాతరకు రావడమే మానుకున్నాడు.

పోయిన ఏడు బతిమాలి అతన్ని ఆ జాతర మైదానానికే తీసుకొచ్చాను. మైకు పట్టుకుని, అందరూ వినేటట్టు చెప్పాను.

"యాదన్నా, నీ గుర్రం అలిసిపోలే. దాని పండ్లకు కొవ్వు రాసింది నేనే. మాఫ్ జెయ్యి."