ఉల్లెడకు పసుపు

నా పెళ్లికి ఏ రంగు గుడ్డ పట్టాలన్న దాని మీద మా ఇంట్లో పెద్ద కొట్లాటే జరిగింది. పెళ్లికూతుర్ని నేను. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు.

మాది మర్రిగూడ పక్క పల్లె. గొర్లు కాసుకునే ఇల్లు. మా పెళ్లిళ్లలో తాళి కట్టేటప్పుడు మేనమామలు వధూవరుల తలల మీద ఒక గుడ్డ చాపి పట్టుకుంటారు. దాన్ని ఉల్లెడ అంటాం. మా ఇంట్లో అది ఎర్రగానే ఉండాలి. అవ్వ పెళ్లికీ ఎరుపే, అమ్మ పెళ్లికీ ఎరుపే. కానీ ఆ ఏడు ఎరుపంటే చావు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ల జెండా ఎర్రది. అందుకని గడి దొర మనుషులు తుపాకులు పట్టుకొని ఊళ్ల మీద పడి, ఎర్రగుడ్డ కనిపించిన ఇంటినల్లా నాశనం చేస్తున్నారు. పక్క ఊళ్లో ఎర్ర తలగుడ్డ చుట్టుకున్నాడని ఒక ముసలాయనను చింతచెట్టుకు కట్టి, చచ్చేదాకా కొట్టారు. సంఘం పుట్టకముందు నుంచే ఆయనకు ఆ తలగుడ్డ ఉంది.

నాయిన భయమల్లా నా గురించే. పెళ్లి పేరు చెప్పి వాళ్లు మా వాకిట్లో కాలు పెడితే నన్ను గడికి ఎత్తుకుపోతారని. ఎట్లాగైనా తాళి కట్టించి నన్ను కొల్లాపూర్ దిక్కున అత్తగారింటికి పంపేయాలని ఆయన ఆరాటం.

"ఉల్లెడకు పసుపు అద్దుదం. పసుపును ఎవడేమంటడు?" అన్నాడు.

"ఎర్రది లేకుంట గదేం పెండ్లిరా?" అంది అవ్వ.

"పిల్ల దక్కితె సాలు నాకు."

అవ్వ పసుపు కొమ్ములు తీయడానికి లేచింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఎర్రగుడ్డ కింద కూర్చోవాలని నేను కన్న కలను ఎవడో గడిలో కూర్చున్నవాడు లాక్కుంటున్నాడు.

పెళ్లికి ముందురోజు అమ్మ పసుపు నూరి నీళ్లలో కలిపి తెల్లగుడ్డను ముంచి తీసింది. ఆ పొద్దున్నే ఇంటికి సున్నం కొట్టారు. పనుల తొందరలో అమ్మ ఆ తడిగుడ్డను తడి ఆరని పిట్టగోడ మీద ఆరేసింది. పసుపులో సున్నం కలిపి కాళ్లకు పారాణి పెట్టుకునే ఆడవాళ్లమే అందరం. అయినా ఆ గడియకు ఎవరికీ తట్టలేదు. గోడకు తగిలిన మేర గుడ్డంతా ఎర్రగా మారింది. మేము చూసేసరికి గడి మనుషులు వాకిట్లోకి వచ్చేశారు.

అవ్వ నన్ను గొర్ల దొడ్డిలోకి నెట్టి మీద గొంగడి కప్పింది. తడిక సందుల్లోంచి నాకు అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి.

"ఏందిర ఇది? సంఘపోల్లకు జెండ చేస్తున్నవా?"

"కాదు బాంచెన్, పసుపే. సున్నం తగిలింది. సూడుండ్రి, సూపిస్త."

నాయిన అరచేతిలో చిటికెడు పసుపు వేసుకొని, గోడ మీది సున్నం గీకి రుద్దాడు. ఎర్రబడిన చేతిని వాళ్ల ముందు చాపాడు. వాళ్లకు తెలియక కాదు. వాళ్ల తల్లులూ ఆ పారాణి పెట్టుకునే కాపురాలకు వచ్చి ఉంటారు. తెలిసే నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ వాళ్ల గొంతులు పిసకాలనిపిస్తుంది.

ఒకడు ఆ చేతిని రోలు మీద అదిమిపట్టాడు. ఇంకొకడు తుపాకి మడమతో కొట్టాడు. గొర్లు అరుస్తున్నా వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినపడింది.

"పిల్ల ఏదిర?"

"మేనమామ ఇంటికి పోయింది."

మళ్లీ కొట్టారు. మళ్లీ అదే చెప్పాడు. ఇల్లంతా చిందరవందర చేసి, ఉల్లెడను బూట్లతో తొక్కి, మంచి పొట్టేళ్లను ఏరుకొని తోలుకుపోయారు.

నేను బయటికి వచ్చేసరికి అవ్వ వెదురుబద్దలు పెట్టి నాయిన చేతికి కట్టు కడుతోంది. అమ్మ ఏడుస్తూ ఆ గుడ్డను ఎక్కడ దాచాలా అని చూస్తోంది. నేను దాన్ని గుంజుకున్నాను. మిగిలిన సున్నం నీళ్లు కుండలో ఉన్నాయి.

"పసుపు అద్దినా కొట్టిండ్రు. ఇగ పసుపెందుకు?" అన్నాను.

అమ్మ నా చేయి పట్టుకోబోయింది. గోడకు ఆనుకొని కూర్చున్న నాయిన, "ముంచనియ్యి" అన్నాడు. గుడ్డంతా కుండలోకి అదిమి ముంచాను. మూలమూలా ఎర్రబడింది.

మర్నాడు మామలు దాన్ని మా తలల మీద పట్టుకున్నారు. తాళి పడేదాకా అందరి చూపులూ బాట మీదే ఉన్నాయి. వాళ్లు రాలేదు.

అప్పగింతలప్పుడు నా చేతిని పెళ్లికొడుకు చేతిలో పెట్టడానికి నాయిన విరిగిన కుడిచేతినే చాపాడు. ఉబ్బిన వేళ్లు ముడుచుకోవడం లేదు. కట్టు సందులో అరచేయి ఇంకా ఎర్రగానే ఉంది. నేనే ఆ చేతిని పట్టుకున్నాను. నొప్పికి ఆయన పళ్లు బిగించడం చూసి వదలబోయాను.

"నొస్తె నొయ్యనీ, ఇడువకు బిడ్డా" అన్నాడు.