వేడి తెలియని చేతులు

విదేశీ ప్రయాణికులు దిగే లాడ్జిలో మా అన్నయ్య వంటవాడు. అదే వంటింట్లో నేను గిన్నెలు తోముతాను. ఉడుకుతున్న సూపు గిన్నెను మసిగుడ్డ లేకుండా వట్టి చేతులతో దించడంలో అన్నయ్యకు పెట్టింది పేరు. ప్రయాణికులు నోరెళ్లబెట్టి వీడియోలు తీసేవారు. అది చూపించడానికే యజమాని వంటింటి గోడ కొట్టించి అద్దం పెట్టించాడు. "మావాడంటే నిప్పుకే హడల్" అని గొప్పలు పోయేవాడు.

ఒకరోజు అన్నయ్య అరచేతిలో బొబ్బ చితికి రసి కారుతోంది. నేను ముఖం తిప్పుకున్నాను.

"నొప్పిగా లేదా?" అన్నాను.

"వంటవాడి చేతులే, ఆ మాత్రం మొద్దుబారవా?" అని నవ్వాడు.

పొయ్యి దగ్గర పనిచేసే మా అందరి నమ్మకమూ అదే. వదిన మాత్రం వినలేదు. డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. కుష్ఠువ్యాధి అని తేలింది.

"పెద్దరోగమా! ప్రయాణికులకు తెలిస్తే నా కొంప మునుగుతుంది" అంటూ యజమాని ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అన్నయ్య కంచం, ఏప్రన్ పెరట్లో తగలబెట్టించాడు. మొన్నటిదాకా ఆ చేతులను భుజాన వేయించుకుని ఫొటోలు దిగిన మనిషి! రసి చూసినప్పటి కంటే ఆ రుమాలు చూస్తేనే నాకు ఎక్కువ రోత పుట్టింది.

డాక్టరమ్మ స్వయంగా వచ్చి నచ్చజెప్పింది. "మందులు పడుతున్నాయి, ఇక ఇతని నుంచి ఎవరికీ అంటదు. నాలుగు రోజులుండి పోయే ప్రయాణికులకైతే బెంగే అక్కర్లేదు. కానీ చేతులకు స్పర్శ పోయింది. ఇలాగే కాల్చుకుంటూ పోతే వేళ్లు దక్కవు."

యజమాని తలూపాడు గానీ పనిలోకి రమ్మనలేదు. అన్నయ్యకు ఇంట్లో కాలు నిలవలేదు. మళ్లీ పొయ్యి ముందు నిలబడతానా అన్నదొక్కటే దిగులు.

కొన్నాళ్లకు పనిలోకి రమ్మని యజమాని నుంచి కబురొచ్చింది. డాక్టరమ్మ ఇచ్చిన మందపాటి చేతి తొడుగులు చంకన పెట్టుకుని అన్నయ్య పరుగున వచ్చాడు. అద్దం అవతల ప్రయాణికులు అప్పటికే ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. పొయ్యి మీద సూపు తుకతుకా ఉడుకుతోంది. అన్నయ్య తొడుగులు వేసుకోబోతుంటే యజమాని అడ్డొచ్చాడు. రుమాలు ఇంకా ముక్కు మీదే ఉంది.

"అవెందుకోయ్? వీళ్లు వీడియో చూసి వచ్చారు. ఎలాగూ నీకు నొప్పి తెలియదుగా, వట్టి చేతులతోనే దించెయ్."

నేను తోముతున్న గిన్నె వదిలేశాను.

అన్నయ్య కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"తెలియనిది చేతులకేనండీ," అన్నాడు. "నాకు తెలుస్తుంది."

తొడుగులు మళ్లీ చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. గిన్నె దించడానికి ఎవరూ ముందుకు రాలేదు. సూపు మాడిపోయింది.